అరుగుదల

కాకినాడలో ఆవిడకు కుడి మోకాలి కీలు మార్చి మూడు నెలలైంది. అరిగిన ఎముకల చివర్లు చెక్కి, లోహపు తొడుగులు వేసి, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల అమర్చారు. మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. రెండు వారాలకు కుట్లు తీశారు. నెలన్నరకు వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. తర్వాత కర్రా పోయింది. కుంటడం మాత్రం పోలేదు.

ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు కుర్రాడికి అంతు చిక్కలేదు. పడుకోబెట్టి కొలిస్తే మోకాలు 110 డిగ్రీలు వంగుతోంది. చాపమంటే తిన్నగా చాపుతోంది. చదును నేల మీద నడవడానికి 60 డిగ్రీల పైచిలుకు వంగితే చాలు. నొప్పి లేదంటోంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు కీలు చక్కగా కుదిరిందన్నాడు. మోకాలి కింద దిండు వద్దంటే పెట్టుకోలేదు, మడమ కిందే పెట్టుకుంది. చెప్పిన వ్యాయామం ఒక్కటీ మానలేదు. నడవమంటే మాత్రం కాలు బిగదీసి, పక్క నుంచి విసిరి వేస్తోంది.

"మడమ ముందు ఆనాలమ్మా. తర్వాత పాదం. వేళ్లతో నేలను వెనక్కి నెట్టి, మోకాలు మడిచి కాలు లేపాలి."

ఆవిడ శ్రద్ధగా వినేది. మళ్లీ అలాగే నడిచేది. అద్దం ముందు నడిపించాడు. నేల మీద సుద్దగీతలు గీసి అడుగులు వేయించాడు. లాభం లేకపోయింది.

ఆవిడ కుంటుతుంటే ఇంట్లో ఎవరికీ మనసు మనసులో ఉండేది కాదు. కొడుకు పొద్దున్నే కూరలు తరిగేవాడు. కోడలు ఆఫీసుకు వెళ్లేముందు కుక్కరు దించేది. ఏనాడూ పొయ్యి వెలిగించని భర్త కాఫీ కలిపి మంచం దగ్గరికి తెచ్చేవాడు.

"అమ్మ నడక చూడలేకపోతున్నామండీ. ఇంకెన్నాళ్లు?" అన్నాడు కొడుకు.

"అరిగిన మోకాలితో ఏళ్ల తరబడి నడిచారు కదా. కీలు మారినా ఒంటికి పాత నడకే అలవాటు. దిద్దుకోవడానికి టైం పడుతుంది."

కొడుకు తలూపి వంటింట్లోకి వెళ్లాడు. కుర్రాడు వ్యాయామం చేయించి లేవబోతూ మంచం పక్కన విడిచిన ఎంసీఆర్ చెప్పులు చూశాడు. ఆపరేషన్ తర్వాత కొన్నవి. ఆవిడ ఇంట్లోనూ అవే తొడుక్కుంటుంది.

వంగి కుడి చెప్పు తిరగేశాడు. ఎడమదీ తిరగేశాడు. కాలు విసిరి వేసేవాళ్ల చెప్పు ఒక అంచున అరుగుతుంది. రెండు కాళ్ల చెప్పులూ ఒక్కలా ఉండవు. ఇవి రెండూ మడమ దగ్గరే అరిగాయి. సమానంగా అరిగాయి.

చెప్పులు పట్టుకుని ఆవిడ వైపు చూశాడు. ఆవిడ వంటింటి వైపు చూసింది. లోపల కత్తిపీట చప్పుడవుతోంది.

"పదేళ్లు నిజంగా కుంటుతూ వండిపెట్టాను బాబూ," అంది ఆవిడ. "అప్పుడు ఒక్కరికీ కనపడలేదు."