వాసన రాలేదని రాసుకో

చమురు పైపులైను కారుతోందో లేదో తేల్చడానికి కోనసీమలోని మా ఊరికి జీపు వచ్చింది. అందులోంచి పెద్దసారు, చిన్నసారు, గొడుగు, రెండు ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు దిగాయి. శాస్త్రీయ పరిశీలనకు ఇంకేం కావాలి?

ముందు గాలి. పెద్దసారు మేడెక్కి, సముద్రపు గాలి రివ్వున కొడుతుండగా ఒక్కసారి పీల్చి, "వాసన రాలేదని రాసుకో" అన్నారు. చమురులో ఉండే బెంజీన్ అనే విషం ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం. మనిషి ముక్కుకు అది తెలిసేసరికి ఆ గీతకు ఎన్నో రెట్లు పైన ఉంటుంది. సారు మాత్రం ఏడాది సగటు ఒక్క పీల్పులో తేల్చేశారు.

తర్వాత మట్టి. గుడి పక్కన మెరక మీద గొయ్యి తీయించారు.

"గొట్టం పక్కన తవ్వితే తెలుస్తుందేమోనండి" అన్నాడు కొబ్బరితోట రైతు.

"అక్కడ తవ్వకూడదని బోర్డు పెట్టారు, చదువు రాదా?"

ఇక నీళ్లు. చమురు నీటికన్నా తేలిక, భూగర్భజలం మీద మీగడలా తేలుతుంది. అందుకే నూతిలో పైన మెరుస్తున్న రంగుల పొరను పక్కకు నెట్టించి మరీ అడుగు నీళ్లు పట్టించారు. అసలైతే గాలి బుడగ కూడా లేకుండా గాజుసీసా నింపి, మూత బిగించి, మంచుపెట్టెలో పెట్టాలి. లేకుంటే బెంజీన్ ఆవిరైపోతుంది. మనవాళ్లు కూల్‌డ్రింకు సీసాను సగం నింపి జీపు అద్దం దగ్గర ఎండలో పెట్టారు. లేబొరేటరీకి చేరేలోపు ముద్దాయికి పారిపోయే దారి చూపించడమంటే ఇదే.

రైతుకు అనుమానం తీరలేదు. కోనసీమలో ఎవరికి తీరుతుంది? 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో నీళ్లు కలిసిన గ్యాస్ పంపితే లోపలినుంచి తుప్పు తినేసిందని తర్వాత తేల్చారు. తేల్చడంలో మనకు లోటు లేదు, ఎటొచ్చీ అది ఎప్పుడూ "తర్వాతే".

జీపు బానెట్ మీదే నివేదిక సిద్ధమైంది. గాలి శుభ్రం, నేల శుభ్రం, నీరు శుభ్రం. పెద్దసారు సంతకానికి పెన్ను తీశారు. అవతల నూతిగట్టు మీద చేరబడిన డ్రైవరు బీడీ నోట పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు.

"ఒరేయ్, ఆపరా! అందర్నీ చంపేస్తావా?"

అరుస్తూనే పెద్దసారు ఫైలు కింద పడేసి రోడ్డు దాకా పరిగెత్తారు.

రైతు ఫైలు తీసి, మట్టి దులిపి, చిన్నసారు చేతికిచ్చాడు.

"సారు ఇప్పుడన్నది కూడా రాసుకోండి బాబూ."