పండుగనాటి విమాన ప్రస్థానము

రాయలసీమవానికి విమానమనునది చిరకాలము తలయెత్తి చూచుటకేగాని ఎక్కుటకు ఏర్పడిన వస్తువు కాదు. కడపలో ఎన్నడో కట్టిన విమానాశ్రయము దశాబ్దములు నిద్రించి 2015 జూన్‌లో మేలుకొన్నది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకపు తొలి విమానములలో నొకటి కడప–హైదరాబాదుల నడుమ ఎగిరినది. 2021 మార్చిలో కర్నూలు చెంత, ఓర్వకల్లు రాతినేలమీద, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేర మరియొక విమానాశ్రయము వెలసినది. ఇంత వైభవము కలిగినను ఇచట దిగు విమానములు చిన్నవి, కొలదివి. పండుగకు ఇల్లు చేరి మరల కొలువునకు పోవలసిన జనమో అపారము. కావున కర్నూలువాడు ఉత్తరమున శంషాబాదునకో దక్షిణమున దేవనహళ్లికో, కడపవాడు ఆగ్నేయమున చెన్నపట్టణమునకో, ముందు భూమార్గముననే పోయి పిమ్మట ఆకాశమునకు ఎగబ్రాకవలెను. శంషాబాదు నుండి ఢిల్లీకి రెండుగంటల పైచిలుకు కాలము చాలును. కర్నూలు నుండి శంషాబాదునకు జాతీయ రహదారి 44 మీద టోల్‌గేట్లనన్నిటిని దర్శించుకొనుచు పోవుటకు మూడు నాలుగు గంటలు పట్టును. గాలిలో సాగు భాగము ప్రయాణమున ఒక పద్యము. దానికి ముందు నడచునదంతయు పురాణము.

పండుగ రద్దీలో మనసు చెదరక విమానమెక్కుట యెట్లని నన్నడుగువారికి నేను చెప్పగలిగిన దొక్కటే: ఆ కలతకు పుట్టినిల్లు విమానాశ్రయము కాదు, మన యిల్లే. మన పూర్వులు ప్రయాణశ్రమను గడప దాటకమునుపే సగము అనుభవించి, దారిలో నెమ్మదిగా నుండుటకై ఒక శాస్త్రమునే ఏర్పరచుకొనిరి. మనము అందులో మూటలు కట్టు అధ్యాయమును మాత్రము కంఠస్థము చేసి, తక్కినదానిని అటకమీదికి ఎక్కించితిమి.

1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా కాశికి పోయిన ఏనుగుల వీరాస్వామయ్య, పల్లకీలతో, బోయీలతో, పెద్ద పరివారముతో పదునైదు నెలలు దేశాటనము చేసి, ఏ మజిలీలో బియ్యము దొరకును, ఎచట నీరు మంచిది, ఎచట బాట రాళ్లమయము అని ఓపికగా వ్రాసిపెట్టినాడు. ఆ కాలపువారు, ముహూర్తమునాటికి తాము కదలుటకు వీలు చిక్కనిచో, కట్టుకొను వస్త్రమునో చిన్నమూటనో శుభఘడియలో పొరుగింటికి పంపి, ప్రస్థానముంచితిమని ఊరటచెందెడివారు. విమానసంస్థలవారు నలుబదియెనిమిది గంటల ముందుగా తెరచు వెబ్ చెకిన్ సరిగా ఈ ప్రస్థానమే: మనిషి ఇంట పంచెకట్టుకొని పడుకొనియుండగా, అతని ఆసనము కిటికీప్రక్కన కూర్చుండి వేచియుండును. ఇంతటి స్వకీయమైన ఆచారమును వదలుకొని, మా బంధువర్గము పండుగ మరునాడు శంషాబాదు వరుసలో కాళ్లు మార్చుకొనుచు నిలుచుండుటను పౌరుషముగా భావించుట నాకెన్నటికిని బోధపడదు.

ఇక ఏ వారమున ఏ దిక్కునకు పయనింపరాదో చెప్పు వారశూల సంగతి. మంగళ, బుధవారములు ఉత్తరదిక్కునకు శూల, గురువారము దక్షిణమునకు. సంక్రాంతి సెలవులు ముగియు ఆదివారమున దేశమంతయు ఒక్కమారు లేచి కదలును. కొంత సందు చిక్కి, టికెట్టు ధర మనుష్యమాత్రునికి అందునది తరువాతి మంగళ, బుధవారములందే. ఆ రెండునాళ్లును కర్నూలువానికి శంషాబాదు శూలపు మొనమీద నుండును! పంచాంగమునకు వాట్సాప్‌నకు సమానముగా ప్రణమిల్లు మా మేనమామ దీనికి పరిహారము కనిపెట్టినాడు.

“అబ్బీ, ఉత్తరం వద్దంటే దక్షిణంగా దేవనహళ్లికి పో. ఆడ్నుంచి ఢిల్లీకి ఎగురు.”

“అట్లయినా చివరికి ఉత్తరానికే గదా పోయేది, మామా?”

“పైన పోయేదానికి శూల ల్యాదురా. శూలంతా నేల మీదనే.”

ఈ తీర్పునకు ప్రమాణగ్రంథ మేదియో ఆయన సెలవియ్యలేదు. అయినను, మూడు నాలుగు గంటల దారిని ఆరుగంటలు చేసికొని, శూల తప్పించుకొని దేవనహళ్లి చేరిన పుణ్యాత్ములు మా వంశమున లేకపోలేదు.

అన్నిటికన్న గహనమైనది సామాను పర్వము. దేశములో తిరుగు విమానములలో సామాన్యముగా పెట్టెకు 15 కిలోలు, చేతిసంచికి 7 కిలోలు అనుమతింతురు. ఎనుబది దాటిన మా జేజి దృష్టిలో ఆ 15 కిలోలు పెట్టెకు గాక ఒక్కొక్క పిండివంటకు విధించిన మితి. నిప్పట్లు, కర్జికాయలు, చెనిక్కాయల ఉండలు, కొర్రబియ్యము, గోంగూర ఊరగాయ, పేరిన నెయ్యి, వీనికి కాపలాగా ఎండుకొబ్బరి చిప్పలు, వానిపైన, పరదేశమున వక్కలు కత్తిరించుకొనుటకు దిక్కులేక పోవునేమోయను దయచేత, ఒక అడకత్తెర. వీనిలో అడకత్తెరను చేతిసంచిలో చూచిన తక్షణమే కేంద్ర పారిశ్రామిక భద్రతాదళపు జవాను దానిని ఆయుధజాతిలో చేర్చును. ఊరగాయ పెట్టెలో పోవలసినదే గాని చేతిలో పోరాదు. విదేశమునకు పోవువాని చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లకు మించిన పాత్రలో నెయ్యి నిలువదు. ఫోనునకు ప్రాణము పోయు పవర్‌బ్యాంకు మాత్రము దీనికి విపరీతము: అది చేతిలోనే ఉండవలెను, పెట్టెలో నుండరాదు. ఇన్ని విధినిషేధములలో మా ఇంట యుద్ధము రేపినది కొబ్బరి.

“జేజీ, ఎండుకొబ్బరి విమానంలో పెట్టనీరు. దానంతటదే అంటుకుంటదంట.”

“ముప్పై ఏండ్లుగా అటక మీద ఉండాది కొబ్బరి. ఎప్పుడన్నా అంటుకునిందా? మీ విమానంలోనే ఏందో వేడి ఉండాది, చూపించుకోండి.”

ఆమె వాదము అనుభవసిద్ధమే గాని, లోకము వేరుగా తీర్మానించినది. ఎండుకొబ్బరి నూనె దండిగా గల పదార్థము. గాలియు తేమయు సోకి, గుట్టలుగా మూసిన చోట లోలోపలనే వేడెక్కి రగులుకొను గుణము దానికున్నది. కావుననే ఐక్యరాజ్యసమితివారి ప్రమాదకర వస్తువుల పట్టికలో దానికి 1363 అను సంఖ్య నిచ్చి, స్వయముగా మండు ద్రవ్యముల పంక్తిలో కూర్చుండబెట్టిరి. శుభకార్యములలో వాయనమునకు తప్ప మరి దేనికిని పనికిరాదనుకొన్న కొబ్బరిచిప్పకు ఇంతటి అంతర్జాతీయ ప్రతిష్ఠ కలదని తెలిసిననాటి నుండి నేను దానిని వంటయింట దాటునప్పుడెల్ల ఒక్క క్షణము మర్యాదగా నిలుచుచున్నాను.

సాగనంపుట మరియొక ఘట్టము. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతములనుండి కువైత్‌నకు కూలికి పోవువారి వెంట, ఒక్కని కొరకు ఒక వాహనమెడు జనము తరలిపోవుట కడపసీమలో చూడనివారు లేరు. టికెట్టు లేనివారిని ద్వారము దాటనీయరని తెలిసియు, అమ్మలు, అత్తలు, చిన్నపిల్లలు ఆ ద్వారమువరకు పోయి, కన్నీరు తుడుచుకొని, పెరుగన్నము తిని మరలివత్తురు. ఆ కన్నీటిని చూచి నవ్వుటకు నాకు చేతకాదు. ఒక విశేషము మాత్రము మనవి చేయుదును: ఈ దేశమున విమానప్రయాణమును ఎరిగినవారు వారే. వారి పెట్టె నలువైపుల పేరు వ్రాసి యుండును, త్రాడు రెండుచుట్లు తిరిగి యుండును, తూకము ఇంటనే ముగిసి యుండును, కాగితములు చొక్కాలోపలి జేబులో భద్రముగా నుండును. అధికబరువునకు చెల్లింపవలసిన రూపాయ తన ఎన్ని గంటల చెమటయో ఎరిగినవానికి పరాకు కలుగదు; బరువును ఎరుగనిది జీతము బ్యాంకులో పడు మావంటి వారమే.

కాలమును గూర్చి ఒక మాట. మన ఊళ్లలో బస్సు కదలినను, వీధిమొగమున నుండి “ఓల్డాన్!” అని ఒక్క కేక వేసినచో డ్రైవరు ఆపును, కండక్టరు రెండు తిట్లు తిట్టి, మూట అందుకొని, చేయి కూడ ఇచ్చును. ఈ కారుణ్యములో పెరిగినవాడు విమానమును కూడ అటువంటిదే యనుకొనును. విమానసంస్థవారో, బయలుదేరుటకు సామాన్యముగా గంటముందు సామానుల కౌంటరును, ఇరువదియైదు నిముషముల ముందు గేటును మూసి, ఏ కేకకును చెవి యొగ్గరు. కావున టికెట్టుమీద అచ్చైన వేళను విస్మరించి, కౌంటరు మూయు వేళనే బయలుదేరు వేళగా గోడమీద వ్రాసికొని, పండుగదినములలో దానికి ముందు రెండుగంటలు, టోల్‌గేట్లకు మరియొక గంట కలుపుకొనవలెను. మామూలు రోజులలో ఉదయపు తొలివిమానము మేలు. రాత్రి అక్కడనే నిలిచినదగుటచే ముందటి ఊరి ఆలస్యము దాని కంటదు. జనవరిలో ఢిల్లీకి పోవువాడు మాత్రము అచటి పొగమంచు విడువక ముందే పోయి ప్రయోజనము లేదు గనుక, మధ్యాహ్నపు విమానమును ఆశ్రయించుట వివేకము.

ఇన్నియు చెప్పిన పిమ్మటను అసలు చిక్కు మిగిలియే యున్నది: ఇంటివారి ప్రేమను కాదనుట ఎవనికిని సాధ్యము కాదు. తర్కముచేత జేజిని జయించినవాడు లేడు. ఆలోచింపగా నాకు తోచిన ఉపాయ మిది: ఎవరు బరువు పెంచుదురో వారి చేతికే త్రాసు నీయవలెను. పెట్టె పిడికి తగిలించి ఎత్తి చూచు కొక్కెపు త్రాసు నొకటి కొనితెచ్చి, అంకెలు వెలుగు చోటు చూపి, “పదిహేను దాటితే నాకు దండుగ పడతది, జేజీ, ఇంక నీదే భారం” అని ఒప్పగించితిని. అధికారము సోకిన క్షణముననే ఆమెయందు ఏ విమానసంస్థయు ఎరుగని కాఠిన్యము ప్రవేశించినది. కొబ్బరి తానే తీసివేసినది. కర్జికాయలలో సగము పొరుగింటికి పోయినవి. నేను దాచుకొన్న రెండు లావుపాటి పుస్తకములు సైతము ఆమె కన్నుగప్పలేకపోయినవి. బయలుదేరు సమయమునకు మా మేనత్త రెండుకిలోల ఊరగాయజాడీతో గుమ్మమున ప్రత్యక్షము కాగా, పెట్టెమీద చేయి వేసికొని కూర్చున్న జేజి లేవనైన లేవలేదు.

“పద్నాలుగున్నర అయింది. జాడీ నువ్వే ఎత్తుకపో, పాపా. ల్యాకుంటే నువ్వు గూడా టికెట్టు తీసుకొని పొయ్యి ఇచ్చిరా.”