గాలి ఆడక చల్లబడ్డాను

నేను బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌ని. భూపాలపల్లిలో ఒక లాండ్రీ షాపు వెనక గదిలో ఉంటాను. ఇళ్లలో వాషింగ్ మెషిన్‌కు పక్కనుండే తొట్టి బట్టల్ని గిర్రున తిప్పి నీళ్లు పిండుతుంది, అంతే. నా కడుపులో 2,000 వాట్ల హీటర్ కాయిల్ ఉంది. ఫ్యాన్ లాగిన గాలి దాని మీదుగా వేడెక్కి డ్రమ్ములోకి వస్తుంది, బట్టల్లోని చెమ్మను మోసుకుని వెనక పైపు గుండా గోడ అవతలికి పోతుంది.

2023 జూలై 27న మోరంచవాగు పొంగి ఇక్కడికి దగ్గర్లోని మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, హెలికాప్టర్లు వచ్చాయి. ఆ ముసురుకు మా ఊళ్లోనూ దండేల మీది బట్టలు ఆరక కంపు కొట్టాయట. మరుసటేడు షాపు అక్క నన్ను తెచ్చుకుంది.

నాలోకి వచ్చేవి ఎక్కువగా బాయి బట్టలే. ఇక్కడి కేటీకే బొగ్గు గనుల్లో షిఫ్టు దిగినవాళ్ల ప్యాంట్లు, చొక్కాలు, తువ్వాళ్లు. రెండుసార్లు ఉతికినా జేబుల కుట్లలో నల్లదుమ్ము మిగిలే ఉంటుంది. వాళ్లు తవ్విన బొగ్గు చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలో మండుతుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లది మరొకటి అక్కడున్నాయి. తెల్లారి బాయికి పోయే మనిషికి పొడి బట్ట ఇవ్వడమే నా పని. అది చేతగాని రోజు నాకు నిజంగా దుఃఖమే.

అలాంటి రోజు ఒకటి వచ్చింది. డ్రమ్ము తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, టైమర్ నడుస్తోంది. తలుపు తీస్తే మాత్రం బట్టలు వేసినప్పుడెంత తడిగా ఉన్నాయో అంతే తడిగా ఉన్నాయి. అక్క భయపడి మెకానిక్ పిల్లవాణ్ణి పిలిచింది. పక్కింటి పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు. బాయిలో ఫిట్టర్‌గా చేసి దిగిపోయిన మనిషి.

"మోటరు పోయిందా కాకా?" అని అక్క అడిగింది.

"మోటరు పోతే తిరుగదు గద బిడ్డా. ముందుగాల నాబ్ చూడు, చల్లగాలి మీద పెట్టిన్రేమో."

నాబ్ సరిగ్గానే ఉంది. నేను నడుస్తుండగానే సాకెట్ దగ్గర వోల్టేజీ చూశారు, 225 వచ్చింది. ఇది చూడకుండా ఎవరూ నన్ను విప్పకూడదు. సన్నని వైరు లాగిన చోట లోడు పడగానే 180కి జారితే, నా 2,000 వాట్ల హీటర్ 1,200కు కాస్త పైన ఆగిపోతుంది. అప్పుడు వేడి ఉంటుంది గాని చాలదు. నాలో అసలు వేడే లేదు.

ప్లగ్గు పీకి నా వెనక రేకు విప్పారు. కాయిల్‌కు మీటర్ పెడితే 26 ఓమ్‌లు చూపింది, కాబట్టి తీగ తెగలేదు. దాని పక్కనే థర్మల్ ఫ్యూజు ఉంటుంది, గోరంత ముక్క. దానికి పెడితే మీటర్ చప్పుడు చేయలేదు. తెగింది అదే. లోపల వేడి హద్దు దాటితే అది ఒక్కసారి తెగి హీటర్‌ను ఆపేస్తుంది, మళ్లీ అతుక్కోదు.

"కొత్తది వరంగల్ నుంచి రావాలె అక్కా. అందాక రెండు వైర్లు కలిపేస్త, నడుస్తది" అన్నాడు పిల్లవాడు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "కలుపకు. అది ఎందుకు తెగిందో చూసినవా? బాయిల ఫ్యాన్ ఆగితే మనుషులను బయటికి తీస్తం గని లోపల ఉంచి పని చేపిస్తమా?"

గనిలో మంచిగాలి ఒక దారిన దిగి, చెడ్డగాలిని, వేడిని మోసుకుని ఇంకో దారిన పైకి రావాలి. పెద్దాయన ఉద్యోగమంతా ఆ ఫ్యాన్ల దగ్గరే గడిచింది. అందుకే ఆయన చెయ్యి వైర్ల మీదికి పోలేదు, తిన్నగా నా వెనక పైపు మీదికి పోయింది. ముందు వైపు జల్లెడలోని నూగును అక్క రోజూ తీస్తుంది, అక్కడ లోపం లేదు. పైపు మాత్రం గోడకు నొక్కుకుని మడతపడి ఉంది. బయటి మూతికి ఎలుకలు రాకుండా ఎవరో దోమల జాలీ కట్టారు. ఆ జాలీ మీద నూగు, బొగ్గుదుమ్ము, చెమ్మ కలిసి దళసరి బొంతలా పేరుకున్నాయి. ఆయన వేలితో పొడిస్తే అట్టముక్కలా ఊడి వచ్చింది. తడిగాలి బయటికి పోలేక నాలోనే మసిలింది. ఫ్యూజు తన పని తాను చేసింది. ఆ వైర్లు కలిపి ఉంటే ఎండిన నూగుకు నిప్పంటుకునేది, గదిలో వేలాడే బట్టలన్నీ పోయేవి.

జాలీ పీకేశారు. గాలి తోస్తే తెరుచుకుని, ఆగితే మూసుకునే మూత దాని బదులు బిగించారు. ఎలుకలకు అదే అడ్డం. ఫ్యూజు వచ్చేదాకా నన్ను ఆపే ఉంచారు. గదిలో రెండు ఫ్యాన్లు పెట్టి, దండేలు కట్టి, అక్క ఎలాగో నెట్టుకొచ్చింది. కొత్త ముక్క వేసిన రోజు పెద్దాయన ముందు బయటికి పోయి మూతి దగ్గర అరచెయ్యి పెట్టాడు. "వస్తున్నదే, ఉడుకుగ వస్తున్నది" అని అక్కడి నుంచే కేకేశాడు.

పైపు ఇంకా పొడుగే, రెండు వంపులున్నాయి. వానలు తగ్గాక నన్ను అవతలి గోడకు జరిపి, పైపును తిన్నగా బయటికి తీయాలని ఆయన పట్టుబట్టాడు. అక్క సరేనంది, మేస్త్రీకి కబురు పంపింది.