ఆదివారం గ్యాప్

2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేశాక జనగామకో కలెక్టరు, మానుకోటకో కలెక్టరు, భూపాలపల్లికో కలెక్టరు దొరికారు. ఆ వెనకే డయాలసిస్ మిషన్లూ వచ్చాయి. మంచిదే. ఒకప్పుడు మిషనెక్కాలంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకో, హైదరాబాద్ దాకో పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆరోగ్యశ్రీ కింద పైసా తీసుకోకుండా చేస్తున్నారు. 2022 ఆగస్టులో ఆసరా కింద ఈ రోగులకు నెలకు రూ.2,016 పింఛనూ మొదలుపెట్టారు. రిబ్బన్ కత్తిరించిన చేతులన్నిటికీ దండం.

నా పేచీ గంటల లెక్క దగ్గర. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. మొత్తం 12 గంటలు మిషన్‌వి. మిగిలిన 156 గంటలు ఎవరివి? పక్కింటి అత్తమ్మవి, వాట్సాప్ వైద్యుడివి, పసరు పోసే పెద్దమనిషివి. మిషన్‌కు టెండరుంది, ఫొటో ఉంది, శిలాఫలకం ఉంది. పళ్లేనికి ఇవేవీ లేవు గనక దాని జోలికెవరూ పోరు.

డయాలసిస్ మీదున్నవాళ్లను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది గుండెజబ్బు. ఈ మాట చెవిన పడగానే మనవాళ్లు ముందు నూనె మానిపిస్తారు, ఆనక గుడ్డు మానిపిస్తారు. గుండె అంటే కొలెస్ట్రాల్ అని టీవీ నేర్పింది మరి! 2005లో జర్మనీవాళ్ల 4డి, 2009లో అరోరా అని రెండు పెద్ద పరీక్షలు జరిగాయి. డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా కొలెస్ట్రాల్ మాత్ర వేసినా గుండె గండాలు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. (ఇది చదివి మీ మాత్ర మానేయకండి, డాక్టరునడగండి.) ఇక్కడి శత్రువులు వేరు. ఒంట్లో నిలిచిన నీరు గుండె గోడను లావెక్కిస్తుంది. మిషన్ పూర్తిగా తీయలేని ఫాస్ఫరస్ రక్తనాళాలకు సున్నం పట్టిస్తుంది. పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పి ఉన్నపళంగా ఆగిపోతుంది.

ఆ పొటాషియాన్ని మనమే ప్రేమగా సంచిలో మోసుకెళ్తాం. చూడబోయేటప్పుడు ఉత్త చేతులతో పోకూడదు కదా! "తాగు బావా, సలవ చేస్తది" అని కొబ్బరిబోండాం, వెంట డజను అరటిపండ్లు, ఇన్ని బత్తాయిలు. చదువుకున్న కొడుకు ఇంకో మెట్టు ఎక్కుతాడు. "గుండెకు మేలు, సోడియం తక్కువ" అని రాసున్న ఉప్పు పొట్లం కొనుక్కొస్తాడు. అందులో తగ్గించిన సోడియం స్థానంలో కలిపేది పొటాషియం క్లోరైడ్. నాయన గుండె కోసం ఖర్చుకు వెనకాడని కొడుకు!

మిషనెక్కే ముందు తూకం చూస్తారు.

"ఎంత పెరిగినవ్ పెద్దాయనా?"

"మూడున్నర."

"నీళ్లు తాగొద్దని చెప్తిమి గదా!"

తిట్లన్నీ నీళ్లకే. ఆ నీళ్లు తాగించిన తొక్కు మీద మాత్రం ఈగ వాలదు. దాదాపు 8 గ్రాముల ఉప్పు ఒక లీటరు నీళ్లను ఒంట్లో పట్టి ఉంచుతుంది. మిర్చి పండించే మానుకోటలో కారానికి తగ్గ ఉప్పు పడాలి, ఉప్పుకు తగ్గ దప్పిక కావాలి. దప్పికను తిట్టి ఏం లాభం? ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకునే మాత్ర సంగతీ అంతే. దాన్ని అన్నంతో పాటు వేసుకోవాలి. పడుకునే ముందు బీపీ గోలీతో కలిపి మింగేవాళ్లున్నారు. చీటీలో రోజుకు మూడుసార్లని రాసుంటుంది, అన్నంతోనని చెప్పే నోరే ఉండదు.

ఇక షిఫ్టులు. సోమ, బుధ, శుక్ర. లేదా మంగళ, గురు, శని. ఏది దొరికినా ఆదివారం మాత్రం రెండు రోజుల గ్యాప్‌లోనే పడుతుంది. వారానికి రెండుసార్లే ఎక్కేవాళ్లకు ఆ గ్యాప్ ఇంకా పొడుగు. అమెరికాలో 32 వేల మందికి పైగా రోగుల వివరాలు చూసి 2011లో తేల్చిందేమిటంటే, ఆ పెద్ద గ్యాప్ దాటిన రోజునే మరణాలూ గుండె గండాలూ ఎక్కువని. వాళ్లకు ఆదివారం బోటీ కూర లేదు, కల్లు మండువా లేదు. ఆ లోటు కూడా మనం తీర్చాం.

పోనీ ఏం తినాలని అడిగితే జవాబుగా వద్దుల జాబితా వస్తుంది. పాలకూర వద్దు, టమాటా వద్దు, పప్పు వద్దు, గుడ్డు వద్దు. మిషనెక్కక ముందు ప్రొటీన్ తగ్గించమన్న పాత చీటీనే మిషనెక్కాక కూడా పట్టుకు వేలాడతారు. నిజానికి ఇప్పుడు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. మనిషి కండ కరిగి బక్కచిక్కితే "మంచిగ సన్నబడ్డడు" అని మెచ్చుకోలొకటి! అన్నట్టు, ఐరోపాలోనూ అర్జెంటీనాలోనూ 8 వేల మందికి పైగా డయాలసిస్ రోగులను గమనిస్తే గుండెకు మంచిదని పేరున్న మధ్యధరా భోజనం వల్ల కూడా గుండె మరణాలు తగ్గిన జాడ లేదు. కాబట్టి భూపాలపల్లిలో ఆలివ్ నూనె దొరకడం లేదని ఎవరూ బెంగపడక్కర్లేదు.

మీవాళ్లెవరైనా మిషనెక్కుతుంటే సెంటర్లో రెండే అడగండి: డైటీషియన్ ఏ రోజు వస్తారు, తండా నుంచి వచ్చినవాళ్లతో లంబాడీలో మాట్లాడతారా అని. జవాబు రాకపోతే కాగితం మీద రాసి కలెక్టరు ప్రజావాణిలో ఇవ్వండి. అది తేలేలోగా, ఈసారి చూడబోయేటప్పుడు నాలుగు ఉడకబెట్టిన గుడ్లు పట్టుకెళ్లండి. తెల్లసొన ఆయనకు, పచ్చసొన మీకు.