స్మిత్ సూత్రానికి సటీకా తాత్పర్యం

మూలం:
“స్మిత్: స్మైత్ కూడా చూడుము.”

అవతారిక

ఇంగ్లండు దేశపు పాత టెలిఫోను డైరెక్టరీల్లో ‘ఎస్’ అక్షరం దగ్గర తగిలే సూత్రం ఇది. కర్త పేరు తెలియదు. అలాగని అపౌరుషేయం అనడానికీ వీల్లేదు, అట్ట మీద పోస్టాఫీసు వారి ముద్ర ఉంది. నాలుగే మాటలు గనక అల్పాక్షరం అనే సూత్రలక్షణం కుదిరింది. అసందిగ్ధం అనే రెండో లక్షణం మాత్రం బొత్తిగా కుదరలేదు. అందుకే ఈ వ్యాఖ్య.

ఇంగ్లీషువాడి ఇంటిపేరుకు తెలుగులో టీకేమిటని అడిగేవారికి ఒకటే జవాబు: పాత బాకీ. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర జూలూరి అప్పయ్య మొదలైన పండితులను పెట్టుకుని మనుచరిత్రకూ వసుచరిత్రకూ టీకలు రాయించాడు. వరూధిని మాటలకు అర్థం చెప్పించుకుని అచ్చు వేయించిన దొరకు, ఆయన దేశపు డైరెక్టరీకి అర్థం చెప్పి చెల్లు వేసుకోవాలి గదా.

మెదకు సీమ కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు గనక చెల్లింది. డైరెక్టరీకి టీక రాసేవాడు అదే ప్రతిజ్ఞ పడితే రెండో పేజీకి వెళ్లలేడు.

అన్వయం

ఇంగ్లీషువాడు నోటితో ‘జాన్ స్మిత్’ అంటాడు. అచ్చులోకి వచ్చేసరికి అకారాది వరసకు తలవంచి ‘స్మిత్ జాన్’ అవుతాడు. డైరెక్టరీలో ఉన్నంతసేపూ అతనూ మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకున్నవాడే. కాబట్టి అన్వయానికి మనం పడాల్సిన శ్రమేమీ లేదు.

‘స్మిత్’

సంస్కృతం చదువుకున్నవారు ఈ మాట చూడగానే పెదవి విప్పి, ‘స్మితము గలవాడు స్మిత్తు, అనగా చిరునవ్వుల దొర’ అంటారు. ఇది పూర్వపక్షం. వినడానికి బాగుంది గాని నిలవదు. సంస్కృతపు స్మితానికి ఇంగ్లీషులో నిజమైన చుట్టం ‘స్మైల్’. ఆ రెండూ ఒకే ప్రాచీన ధాతువు పిల్లలని భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకున్నారు. స్మిత్ ఆ ఇంటివాడు కాదు.

రెండో పూర్వపక్షం ఇంగ్లీషువారిదే. ‘స్మైట్’ అంటే కొట్టడం, ఇనుమును కొట్టేవాడు గనక స్మిత్ అని. సమ్మెట దెబ్బ చెవిన పడుతున్నట్టే ఉంటుంది కాబట్టి చాలామంది నమ్మారు. నిఘంటుకారులు ఒప్పరు. ఈ పదం చెక్కు, కోయు, పదునైన పనిముట్టుతో పనిచేయు అనే అర్థాలున్న ధాతువు నుంచి వచ్చిందని సిద్ధాంతం. పాత నార్సు భాషలో ఇదే మాట ఇనప పనివాడికే గాక కర్ర పనివాడికీ, ఓడలు కట్టేవాడికీ చెల్లేది. మన పంచాణం వారిలో కమ్మరినీ వడ్రంగినీ ఒక్క మాటతో పిలిస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. తర్వాత్తర్వాత ఇంగ్లీషులో కొలిమి పక్కకు ఒరిగింది.

డరమ్ ప్రాంతంలో 975 ప్రాంతపు ఒక పత్రంలో ఎక్కెర్డ్ స్మిత్ అనే ఆయన కనబడతాడు. ఆయనకది ఇంటిపేరు కాదు, వృత్తి తెలిపే విశేషణం. ‘కమ్మరి రామయ్య’ అని మనం అనడం లేదూ, అదే. కొడుకు గొర్రెలు కాచుకుంటే స్మిత్ అనే మాట తండ్రితోనే సరి. 1066లో నార్మన్లు వచ్చాక భూముల లెక్కలు పెరిగాయి, వారసత్వపు దావాలు పెరిగాయి. 1377, 1379, 1381 సంవత్సరాల్లో తల పన్నులు వరసగా పడ్డాయి. పన్ను వసూలుకు వచ్చినవాడికి ఊరి నిండా జాన్‌లూ విలియమ్‌లూ ఎదురైతే ఎవరి దగ్గర తీసుకున్నాడో ఎవరి దగ్గర తీసుకోలేదో తేలాలి గదా. విశేషణం అలా మెల్లగా విశేష్యానికి అతుక్కుపోయి, కొడుకుకూ మనుమడికీ దిగింది. కొలిమి ఆరిపోయినా పేరు ఆరలేదు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనవాళ్లన్నది ఇలాంటి సందర్భానికే.

ఇక్కడ ఒక శంక. ఆ కాలపు ఇంగ్లండులో నూటికి తొంభై మంది మట్టి పిసుక్కునేవాళ్లు. మరి సేద్యం తెలిపే పేరు గాక కమ్మరి పేరు దేశమంతా ఎందుకు అల్లుకుంది? కమ్మరులు అంతమంది ఉన్నారా?

లేరు. లేరు కాబట్టే అల్లుకుంది. ఊళ్లో అందరూ నాగలి పట్టేవాళ్లే అయినప్పుడు ‘దున్నేవాడు జాన్’ అంటే ఏ జాన్ అని మళ్లీ అడగాలి. కమ్మరి మాత్రం ఊరికి ఒక్కడే. కర్రు సాగదీయాలన్నా, గుర్రానికి లాడం కొట్టాలన్నా, కొడవలికి పదును పెట్టాలన్నా, గుడి తలుపుకు బందు వేయాలన్నా, యుద్ధమొస్తే బాణానికి ములికి దిద్దాలన్నా ఆ ఒక్కడి గుమ్మం తొక్కాల్సిందే. తిత్తి చప్పుడు ఊరు దాటేది, పొగ అంతకన్నా దూరం కనబడేది. అతన్ని స్మిత్ అంటే చాలు, చిన్నపిల్లాడైనా వెళ్లి పిలుచుకొస్తాడు. ఇలా ఊరికొక్కడు చొప్పున వేల ఊళ్లు. పేరు పుట్టినచోట ఏకైకం, దేశం మీద కూడితే అసంఖ్యాకం. ఎక్కువమంది చేసే పనికి పేరుగా విలువ తక్కువ, ఒక్కడే చేసే పనికి ఎక్కువ. (సేద్యగాడనిపించే ‘ఫార్మర్’ అనే ఇంటిపేరు ఇంగ్లీషులో ఉంది. తీరా విచారిస్తే ఆయన నాగలి పట్టినవాడు కాదు, పన్నులు గుత్తకు తీసుకున్నవాడు.)

వచన విచారం. ‘స్మిత్’ అని ఏకవచనం ఎందుకు, దాని కింద పేజీలకు పేజీలు జనం ఉండగా? జాత్యేకవచనం అని సమాధానం. ‘ఏనుగు అడవిలో తిరుగును’ అన్నప్పుడు ఒక్క ఏనుగని ఎవరూ అనుకోరు. 1853లో ఇంగ్లండు, వేల్స్ రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ఓపికగా కూర్చుని వేసిన అంచనా ప్రకారం స్మిత్‌లు 2,53,600 మంది, అంటే సుమారు 73 మందిలో ఒకరు. జోన్స్ వారు 2,42,100తో వెన్నంటే ఉన్నారు. వేల్స్‌ను విడదీస్తే అక్కడ జోన్స్‌దే రాజ్యం. స్కాట్లండులో మళ్లీ స్మిత్‌దే పైచేయి. సముద్రం దాటినా తీరు మారలేదు. అమెరికా జనగణనలో 2000లో 23,76,206 మంది, 2010లో 24,42,977 మంది. రెండుసార్లూ ప్రథమ స్థానమే.

జాతి అన్నాం గదా అని వీరందరికీ ఒక మూలపురుషుణ్ణి వెతకబోతే భంగపడతాం. ఈ పేరుకు వంశవృక్షం లేదు. ఊరికో మొక్క మొలిచింది, అంతే. కెంటు స్మిత్‌కూ యార్క్‌షైరు స్మిత్‌కూ గోత్రం కలవదు, సూతకం అంటదు, పిల్లనిచ్చి పుచ్చుకోవచ్చు. అమెరికాకు వెళితే ఈ మాట మరీ స్పష్టం. 2010 లెక్కలో అక్కడి స్మిత్‌లలో నూటికి 23 మంది నల్లవారు. 1865లో బానిసత్వం పోయినప్పుడు లక్షలాది మంది ఒక్కసారిగా ఇంటిపేరుతో సర్కారు కాగితాల్లోకి ఎక్కవలసి వచ్చింది. కొందరు పాత యజమాని పేరు నిలుపుకున్నారు, కొందరు కోరి మరోటి ఎంచుకున్నారు. ఆ సమ్మెట శబ్దం వారి చెవికి ఎలా వినిపించిందో జనగణన పట్టికలో గడి లేదు.

‘స్మైత్’

పాఠాంతరం. వేరే పదం కాదు. రాతప్రతుల కాలంలో ‘ఐ’ రాయవలసినచోట ‘వై’ రాయడం లేఖకుల అలవాటు, చదవడానికి స్ఫుటంగా ఉంటుందని. అచ్చు వచ్చాక అక్షరం స్థిరపడింది, దాంతో గొప్పా స్థిరపడింది. ‘వై’ ఉన్నవాడు ‘ఐ’ ఉన్నవాడి కన్నా ఒక మెట్టు పైన కూర్చున్నాడు. చివర ‘ఇ’ కూడా తగిలించుకుంటే ఇంకో మెట్టు. ఎసెక్సులోని హిల్ హాల్ భవంతి వారిది పరాకాష్ఠ. పాత దస్తావేజుల్లో ‘వై’ నెత్తిన రెండు చుక్కలు పెట్టి రాసినదాన్ని ‘ఐ, జె’ అని రెండక్షరాలుగా తీసుకుని, ఎస్ ఎమ్ ఐ జె టి హెచ్ అని ఖాయం చేసుకున్నారు. పలకడం మాత్రం స్మైత్ అనే. ఈ పాఠం ఏ పరిష్కర్త చేతిలో పడినా లేఖక ప్రమాదం కింద పోయేది. జమీందారు ఇంట పుట్టింది గనక బతికింది.

స్మిత్ శబ్దం మీద ప్రత్యయాలు, ఉపపదాలు చేరి పుట్టినవాటిలో రెంటిని విడిచిపెట్టలేను.

మొదటిది నేస్మిత్. స్కాట్లండులో ఆ పేరు గల కుటుంబం వారు ఒక కథ చెప్పుకునేవారు. శత్రువులు తరుముతుంటే వారి పూర్వికుడొకడు కొలిమిలో దూరి, తోలు మొలగుడ్డ చుట్టుకుని సమ్మెట ఎత్తాడట. అలవాటు లేని చెయ్యి. దెబ్బ దాకలి మీద పడాల్సినట్టు పడక పిడి విరిగింది. వెంటబడ్డవాడు చూసి, ‘నువ్వు స్మిత్‌వి కావు’ అన్నాడట. స్కాట్ పలుకుబడిలో కావుకు ‘నే’ గనక నేస్మిత్. ఇది ప్రక్షిప్తం. కత్తులు చేసే ‘నైఫ్ స్మిత్’ అరిగి అలా అయిందని పండితుల మాట. ఏ పక్షమైనా కానివ్వండి, పిడి విరగ్గొట్టుకున్న ఆ వంశంలోనే జేమ్స్ నేస్మిత్ పుట్టాడు. ఓడ ఇరుసుకు కావలసిన పెద్ద ఇనప కడ్డీని సాగగొట్టే సమ్మెట దేశంలో లేదని తెలిసి 1839లో కాగితం మీద బొమ్మ గీశాడు, 1842లో పేటెంటు తెచ్చుకున్నాడు. అది ఆవిరి సమ్మెట. టన్నుల బరువున్న దిమ్మెను ఎత్తి వేయగలదు, అదే దిమ్మెను గుడ్డు పెంకు మాత్రం చిట్లేలా మెల్లగా దించనూగలదు. పూర్వికుడి పరువు వడ్డీతో సహా వసూలైందని నా అభిప్రాయం.

రెండవది స్మిత్‌సన్, అనగా స్మిత్ కొడుకు. యార్క్‌షైరు వాడైన హ్యూ స్మిత్‌సన్‌కు పెర్సీ వంశపు వారసురాలితో పెళ్లయింది. అత్తవారి పేరు బరువైనదని తన పేరు వదిలేసి, 1750లో పార్లమెంటు చట్టం చేయించుకుని మరీ పెర్సీ అయ్యాడు. 1766లో నార్తంబర్లండు డ్యూకు అయ్యాడు. ఆయనకు పెళ్లి బయట పుట్టిన కొడుకు జేమ్స్. తల్లి వైపు పేరుతో పెరిగి, ఆమె పోయాక 1800 తర్వాత తండ్రి విడిచేసిన ఆ స్మిత్‌సన్ పేరే తీసి తొడుక్కున్నాడు. ఖనిజాల పరీక్షల్లో దిట్ట. కలమైన్ అని అంతా ఒకటే అనుకునే తుత్తునాగం ముడి ఖనిజంలో నిజానికి వేరు వేరు పదార్థాలున్నాయని 1802లో రుజువు చేశాడు. 1829లో జెనోవాలో పోయేటప్పటికి వీలునామాలో ఒక షరతు ఉంది: తమ్ముడి కొడుకు సంతానం లేకుండా పోతే ఆస్తి మొత్తం అమెరికా ప్రభుత్వానికి, వాషింగ్టన్‌లో జ్ఞానవ్యాప్తికి ఒక సంస్థ పెట్టాలి, దానికి తన పేరుండాలి. ఆయన అమెరికాలో అడుగు పెట్టినవాడు కాడు. తమ్ముడి కొడుకు 1835లో పోయాడు. బంగారు నాణేలు ఓడెక్కాయి, 1846లో స్మిత్‌సోనియన్ వెలిసింది. డ్యూకు గారు సిగ్గుపడి పార్లమెంటు చేత కొట్టేయించిన కమ్మరి పేరు ఇప్పుడు ఒక దేశపు మ్యూజియముల తలుపులన్నిటి మీదా ఉంది. ఆ కలమైన్‌లోని ఒక ఖనిజానికి 1832లో స్మిత్‌సొనైట్ అని పేరు పెట్టారు. కంచరులు ఇత్తడి పోసేందుకు వాడే తుత్తునాగం దానిలోంచి తీయవచ్చు.

‘కూడా’

సూత్రాల్లో ‘చ’కారం కనబడితే వ్యాఖ్యాతకు పండగ. చెప్పనివాటిని కూడా కలుపుకోవడానికి అది వేశారంటాడు. అనుక్త సముచ్చయం. ఇక్కడి ‘కూడా’ అటువంటిదే. లేకపోతే స్మైత్ ఒక్కణ్ణీ చెప్పి ఊరుకున్న కర్తకు అవ్యాప్తి దోషం పడుతుంది.

ఏమి కలుపుకోవాలంటే, జర్మనీ నుంచి ష్మిట్‌ను, హంగరీ నుంచి కొవాచ్‌ను, పోలండు నుంచి కొవాల్స్కీని, రష్యా నుంచి కుజ్నెత్సొవ్‌ను, ఫ్రాన్సు నుంచి లెఫెవ్ర్‌ను, అరబ్బు దేశాల నుంచి హద్దాద్‌ను. ఎర్రటి కార్లకు పేరిచ్చిన ఇటలీ ఫెరారీ కూడా మన కమ్మరే. వీరిలో అమెరికా ఓడరేవుల్లో దిగి కొన్నేళ్లకు స్మిత్ అని మార్చుకున్నవారు కొల్లలు. అప్పుడు జనగణన వాళ్లను ఇంగ్లీషు పేరు గలవాళ్ల కిందనే రాసుకుంటుంది.

ఐర్లండు సంగతి వేరు. అక్కడ కోరి మార్చుకోవడం కాదు. 1465లో నాలుగో ఎడ్వర్డు కాలంలో ఒక చట్టం వచ్చింది. డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేరు ప్రాంతాల్లో ఇంగ్లీషువారి మధ్య ఉండే ఐరిష్‌వాళ్లు ఇంగ్లీషు ఇంటిపేరు తగిలించుకోవాలి. ఎలాంటిదో కూడా చట్టమే ఉదహరించింది: ఊరి పేరైనా కావచ్చు, తెలుపు, నలుపు, బ్రౌను వంటి రంగైనా కావచ్చు, స్మిత్ వంటి వృత్తయినా కావచ్చు. రాజాజ్ఞలోనే ఉదాహరణగా ఎక్కిన ఇంటిపేరు మరే దేశంలోనైనా ఉందేమో విజ్ఞులు చెప్పాలి. కావన్ సీమలో కమ్మరి కొడుకు అనే అర్థం గల మాక్ గవన్‌లు కాలక్రమాన చాలావరకు స్మిత్‌లయ్యారు, ఇతరచోట్ల మెక్‌గవన్‌లుగానే మిగిలారు. స్మిత్ దగ్గర మెక్‌గవన్‌ను చూడుమని సూత్రకారుడు రాయలేదు. ఆ భారమంతా పాపం ‘కూడా’ మీద పడింది.

‘చూడుము’

విధ్యర్థకం. ఎవరికి విధి? చందాదారుకా, ఫోను చేయబోయేవాడికా? అధికారి నిర్ణయం తేలాలి. జె. స్మిత్ కోసం వచ్చినవాడు ఆ వరసలు కిందికి దిగుతూ దిగుతూ తాను ఎవరి కోసం వచ్చాడో మరిచిపోగలడు. హోటలు పుస్తకంలో అసలు పేరు రాయడం ఇష్టం లేని దంపతులు ‘మిస్టర్ అండ్ మిసెస్ స్మిత్’ అని రాయడం ఇంగ్లీషు హాస్యకథల్లో పాత వేషమే. ఇంత జనంలో దాక్కుంటే దొరకరని వారి ధీమా.

టెలిఫోను రాకముందే లండనులో పోస్టాఫీసు డైరెక్టరీ ఉండేది, కెల్లీ వారు అచ్చు వేసేవారు. ఒకే పేరున్నవాళ్లను విడదీయడానికి వాళ్లు పట్టిన ఉపాయం, పేరు పక్కన వృత్తి వేయడం. స్మిత్ జాన్, రొట్టెలవాడు. స్మిత్ జాన్, దర్జీ. స్మిత్ జాన్, వకీలు. ఎనిమిది వందల ఏళ్ల కింద వృత్తి చెప్పి మనిషిని ఆనవాలు పట్టడానికి తగిలించిన మాట అది, ఆనవాలు కోసం మళ్లీ వృత్తి చెప్పించుకుంటోంది. ఆ వరసలో ఎవరైనా ఒక జాన్ నిజంగా కమ్మరమే చేసుకుంటుంటే ‘స్మిత్ జాన్, స్మిత్’ అని అచ్చు పడాలి. ప్రూఫులు దిద్దేవాడు రెండోసారి పడిందనుకుని కొట్టేయకుండా ఉంటే.