ఇది మీ లిమిట్సేనా?

గండి వీరాంజనేయస్వామి వేంపల్లె వాళ్లకు ఇంటి దేవుడు. కాగితాల్లో చూస్తే మాత్రం ఆయనది చక్రాయపేట మండలం, మారెళ్లమడక గ్రామం. శ్రావణ శనివారాల్లో వేంపల్లె నుంచి గండికి బండ్లు, ఆటోలు, కాలినడక జనం బారులు కట్టినప్పుడు మండలం ఎక్కడ మారిందో ఎవరికీ పట్టదు. పట్టేది ఒక్క హెడ్డు సారుకే.

హెడ్డు సారంటే రిటైరైన హెడ్ కానిస్టేబుల్. పొద్దున్నే నాలుగు రోడ్ల కాడ టీ అంగట్లో బల్ల మీద కూర్చుంటాడు. సర్వీసులో నేర్చినవన్నీ మరిచిపోయినా ఒక్క విద్య మాత్రం మరవలేదు. వచ్చిన కుర్రాళ్లందరికీ అదే నూరిపోస్తాడు.

"పోలీసోడు బండి ఆపితే బెదరొద్దురా. దండాలు పెట్టొద్దు. ఒకటే అడగండి: సార్, ఇది మీ లిమిట్సేనా?"

ఆ ఒక్క మాట మీదే ఆయన ఉద్యోగమంతా నెట్టుకొచ్చాడు. గొర్రెలు పోయాయని వచ్చినోడిని, మెడలో గొలుసు తెంపుకుపోయారని ఏడుస్తా వచ్చినామెను, "ఆ వంక దాటితే మా లిమిట్సు కాదు" అని పక్క స్టేషనుకు తోలేవాడు. ఒకసారి వంకలో శవం దొరికితే, తల ఏ స్టేషను కిందికి వస్తుంది, కాళ్లు ఏ స్టేషను కిందికి వస్తాయి అని పొద్దుగూకేదాకా టేపు పట్టి కొలిపించాడట. తల అవతల పడిందని తేల్చి, ఇంటికి పోయి సంగటి తిని పడుకున్నానని ఆయనే నవ్వుతా చెప్తాడు.

ఆ అంగడికే వచ్చే వకీలు గుమాస్తాకు ఈ కబుర్లు గిట్టవు. ఒక శ్రావణ శనివారం అలాగే అందుకున్నాడు.

"ఆ రోజులు పోయినాయి సార్. 2019 నవంబరులో హైదరాబాదు పక్కన దిశ ఘటన జరిగిన రాత్రి ఏమైంది? బిడ్డ ఇంటికి రాలేదని పోతే, మా పరిధి కాదని ఇంటోళ్లను తిప్పినారు. ఒక ఎస్సై, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండైనారు. ఆ ఇద్దరూ మీ ర్యాంకే."

హెడ్డు సారు మొహం అటు తిప్పుకున్నాడు. గుమాస్తా ఆగలేదు.

"ఆ తర్వాత కొద్ది రోజులకే మన రాష్ట్రంలో కంచికచర్ల స్టేషన్లో, తప్పిపోయిన పిల్లోడి కేసు తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ కింద కట్టినారు. 2024 జులై 1 నుంచి అదే చట్టమైంది. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను: పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమైతే, అది యాడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. 45వ సెక్షను: వారంటు లేకుండా పట్టుకోదగ్గ మనిషిని దేశంలో యాడికైనా తరుముకుంటా పోవచ్చు."

"మరి బండ్లు ఆపేదానికో?" అన్నాడు టీ అంగడాయన, పాలు తిప్పుతా.

"మోటారు వాహనాల చట్టం, 130. యూనిఫాంలో ఉండే ఏ పోలీసు అడిగినా లైసెన్సు చూపించాలి. ఫలానా స్టేషనోడే అడగాలని అందులో లేదు."

హెడ్డు సారు గ్లాసు కింద పెట్టాడు. "పుస్తకంలో సెక్షన్లు నీకు తెలుసబ్బీ. రోడ్డు మీద లిమిట్సు నాకు తెలుసు."

అప్పుడే ఆయన సెల్లు మోగింది. డిగ్రీ చదివే మనవడు.

"జేజినాయనా, గండి రోడ్డులో ఆపినారు. హెల్మెట్టు లేదంట. వెయ్యి రూపాయలు చలానా అంట."

"మండలం రాయి దాటినావా?"

"లేదు, ఇంకా ఈతట్టే."

"ఆపినోడు మన స్టేషనోడేనా?"

"కాదు. యాడి నుంచో బందోబస్తుకు వచ్చినాడంట."

హెడ్డు సారు మీసం దువ్వుకున్నాడు. "స్పీకరు పెట్టు."

అవతలి గొంతు మర్యాదగానే ఉంది. "నమస్తే సార్. ఆర్డరు మీదే డ్యూటీకి వచ్చినాం. చలానా సంగతి పక్కన పెట్టండి. ముందర మలుపులో ఇసక పడుంది, పొద్దున్నించి ఇద్దరు జారినారు. బండి ఈడ పెట్టేసి ఆటోలో పొమ్మంటాండా, అంతే."

"ఏ స్టేషను నీది?"

కానిస్టేబుల్ చెప్పాడు.

"అంటే ఇది నీ లిమిట్సు కాదు. నీ ఆర్డరు గుడి కాడ జనాన్ని చూసుకునేదానికి. నా మనవడి తలకాయ చూసుకునేదానికి కాదు. రేయ్, వీడియో తీయరా. తాళం చెవి పెరికినాడా లేదా? ఆయన పేరు, నంబరు కనపడేట్టు తీయి. సాయంత్రానికి ఎస్పీ ఆఫీసులో ఉంటుంది."

అవతల కొంచెంసేపు మాటల్లేవు. తర్వాత మనవడి గొంతు ఎగిరి గంతేసింది. "తాళం ఇచ్చేసినాడు జేజినాయనా! పొమ్మన్నాడు!"

హెడ్డు సారు సెల్లు జేబులో పెట్టుకుని గుమాస్తా వైపు చూశాడు. "చూసినావా? నీ 130 యాడ పోయింది?" అని అంగట్లో ఉన్నోళ్లందరికీ తన లెక్కలో టీ పోయమన్నాడు. గుమాస్తా టీ తాగలేదు.

టీలు తాగేసి, శవాన్ని కొలిచిన కథ ఇంకోసారి మొదలుపెట్టాడో లేదో, మళ్లీ మనవడి నంబరు నుంచి ఫోను.

"ఏమిరా, మళ్లీ ఆపినాడా?"

"సార్, నేనే. ఇందాకటి కానిస్టేబుల్‌ని."

ఆటో ఇంజను చప్పుడులో మాట తెగి తెగి వినబడుతోంది.

"మీ పిల్లోడు ఆ మలుపులోనే పడినాడు సార్. తలకు గట్టిగా తగిలింది. 108కి చేసినాం, ఈ జనంలో అది వచ్చేటట్టు లేదు. నేనే ఆటోలో వేసుకుని వేంపల్లె ఆసుపత్రికి వస్తాండా. తల నా ఒళ్లోనే ఉంది. మీరు ఆడికి రండి."

హెడ్డు సారు లేచి నిలబడ్డాడు. నోరు పెగల్లేదు.

"ఇంకొక్క మాట సార్. నేను మా డ్యూటీ పాయింటు వదిలి వస్తాండా. దావలో ఎవురన్నా ఆపి, ఇది మీ లిమిట్సేనా అని అడిగితే, మీ నంబరు ఇయ్యొచ్చా?"

పిల్లవాడు బతికాడు. తలకు పదకొండు కుట్లు పడ్డాయి. చలానా మాత్రం ఎవరూ రాయలేదు.

బండి ఆపిన పోలీసుది ఏ స్టేషనో అడగడం తప్పేమీ కాదు, నిక్షేపంగా అడగండి. కాకపోతే ముందు బండి పక్కకు ఆపి, తల మీది హెల్మెట్టు తీసి అడగండి.