ఆపడమే నా పని

నేను రబ్బరు ముక్కని. ఇన్‌లైన్ స్కేటు బూటుకి, కుడి మడమ వెనకాల, ఒక్క బోల్టుతో బిగించి ఉంటాను. నా ముందు వరసగా మూడు పెద్ద చక్రాలు, వాటి కడుపులో బేరింగులు. పరుగంతా వాళ్లది. ఆపడం నాది.

నన్ను బిగించింది కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని రెవెల్‌స్టోక్ ఊళ్లో. అప్పటికే ఈ బూట్లు వేసుకున్న అమ్మాయి విక్టోరియాలో బయల్దేరి, ఫ్రేజర్ లోయ మీదుగా అక్కడిదాకా స్కేట్ చేసుకుంటూ వచ్చేసింది. చేరాల్సింది అట్లాంటిక్ ఒడ్డున ఉన్న సెయింట్ జాన్స్. ట్రాన్స్ కెనడా హైవే మీద ఈ కొస నుంచి ఆ కొసకి 7 వేల కిలోమీటర్లు దాటుతుంది. నాకంటే ముందున్న ముక్క అరిగి అరిగి బోల్టు తల బయటపడింది. బోల్టు రోడ్డుకి రాసుకుంటే నిప్పురవ్వలు లేస్తాయి గానీ బూటు ఆగదు. వాళ్లన్నయ్య వ్యాను వెనక తలుపు తీసి, దాన్ని విప్పేసి నన్ను పెట్టాడు. "రేపు రోజర్స్ పాస్. దిగేటప్పుడు తొందరపడకు," అన్నాడు.

ఆ కనుమ ఎత్తు 1,330 మీటర్లు. ఎక్కినంతసేపూ నాకు పనిలేదు. మంచుచరియలు మీద పడకుండా రోడ్డుకి కాంక్రీటు కప్పులు కట్టిన చోట అంచు ఇరుకు, లారీలు రాసుకుంటూ పోతాయి. అక్కడ అన్నయ్య ఆమెని వ్యాను ఎక్కించుకునేవాడు. దిగుడు మొదలయ్యాక మాత్రం ఊపిరి సలపలేదు. కుడికాలు ముందుకి చాపి, వేళ్లవైపు కాస్త ఎత్తి, ఒంటి బరువంతా మడమ మీద వేస్తుంది. అప్పుడు నేను తారుని పట్టుకుంటాను. రబ్బరు మాడిన వాసన ముక్కుపుటాలకి తగులుతుంది, వెనకాల నల్లటి గీత పడుతుంది. ఒక్కసారే గట్టిగా తొక్కితే ముందుకి తూలిపడిపోతుంది. అందుకని నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం. తడిరోడ్డు మీద నాకు పట్టు తక్కువ. వాన పడ్డ రోజున ఆ సంగతి తెలిసి ఆమె చాలా ముందునుంచే నొక్కేది. తర్వాత కికింగ్ హార్స్ కనుమ, 1,627 మీటర్లు. దాన్ని కూడా దాటించాను.

కాల్గరీ దాటాక అంతా మైదానం. పడమటి గాలి వీపుకి కొడుతుంటే చక్రాలకి పండగ. సస్కచువాన్, మనిటోబా అంతటా నేను కదిలింది ఊళ్ల దగ్గరే.

ఆ ఊళ్ల దగ్గర ఆగినప్పుడే నాకు అసలు సంగతి తెలిసింది. వ్యాను పక్కన చందాల డబ్బా పెట్టేవాళ్లు. పెట్రోలు పోయించుకోవడానికి వచ్చినవాళ్లు నోటు వేసి, వెళ్లిపోకుండా నిలబడేవాళ్లు. "మా అబ్బాయి గదిలోంచి బయటికి రావడం లేదమ్మా" అని ఒకావిడ. "నేనూ ఒకప్పుడు అలాగే ఉన్నా" అని ఒక లారీ డ్రైవరు. ఆమె బూట్లు విప్పకుండానే గట్టు మీద కూర్చుని వినేది. తనకి పదహారేళ్లప్పుడు కుంగుబాటు వచ్చిందనీ, ఇంట్లో చెప్పలేక ఒక రాత్రి కిడ్స్ హెల్ప్ ఫోన్ అనే సహాయ సంస్థకి మెసేజ్ పెట్టిందనీ, అవతల నుంచి ఎవరో ఓపిగ్గా జవాబు రాశారనీ చెప్పేది. ఆ సంస్థ 1989 నుంచి నడుస్తోంది. ఈ చందా అంతా దానికే. కెనడాలో 15 నుంచి 24 ఏళ్ల వాళ్ల మరణాలకి ఆత్మహత్య రెండో పెద్ద కారణం. అర్ధరాత్రి ఫోనెత్తే మనిషికి శిక్షణ కావాలి, జీతం కావాలి. ఆ డబ్బాలో పడ్డ ప్రతి డాలరూ నాకు అలాగే కనిపించేది.

ఇలాంటి ప్రయాణం ఆమెతోనే మొదలవలేదు. క్లారా హ్యూస్ సైకిల్ పందేల్లోనూ ఐస్ స్కేటింగ్‌లోనూ కలిపి 6 ఒలింపిక్ పతకాలు గెలిచిన మనిషి. తన కుంగుబాటు గురించి నలుగురిలో చెప్పి, 2014లో సుమారు 11 వేల కిలోమీటర్లు సైకిల్ తొక్కింది. ఇక థండర్ బే దగ్గర టెర్రీ ఫాక్స్ విగ్రహం ఉంది. 1980లో ఆ కుర్రాడు కృత్రిమ కాలితో సెయింట్ జాన్స్ నుంచి 5,373 కిలోమీటర్లు పరిగెత్తి, క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకడంతో ఆ ఊరి దగ్గరే ఆగిపోయాడు. అతను ఆగినా అతని పేరు మీద ఏటా పరుగులు జరుగుతూనే ఉన్నాయి, క్యాన్సర్ పరిశోధనకి డబ్బు వస్తూనే ఉంది. మా అమ్మాయి ఆ విగ్రహం ముందు చాలాసేపు నిలబడింది. ఆగిన మనిషికి ఒక దేశం అంత గౌరవం ఇవ్వడం చూస్తే ఆపడమే పనిగా పుట్టిన నాకు గర్వంగా అనిపించింది.

సుపీరియర్ సరస్సు పక్క రోడ్డంతా ఎగుడుదిగుడే, అంచున కంకర. అక్కడ ఒక బంకులో తెలుగబ్బాయి పనిచేస్తున్నాడు, తెనాలి దగ్గరి ఊరట. తమ్ముడు విజయవాడలో ఇంటర్ హాస్టల్లో ఉన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "బానే ఉన్నా అన్నయ్యా" తప్ప ఇంకో మాట ఉండదట. ఆత్మహత్య ఆలోచనలొస్తే సాయం కోసం చేసే ఇక్కడి 988 నంబరు గురించి ఆమె చెబితే, మన దేశంలోనూ టెలి మానస్ ఉంది, 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు అన్నాడు. 2022 అక్టోబరు నుంచి ఉన్న నంబరు. "మరి మీ తమ్ముడికి చెప్పావా?" అంది ఆమె. అతను తల అడ్డంగా ఊపి, అక్కడే కౌంటరు ముందు నిలబడి తమ్ముడికి మెసేజ్ టైపు చేశాడు. చేసి, మళ్లీ చదువుకుని, "నువ్వు బానే ఉన్నా సరే, ఊరికే మాట్లాడు" అని ఇంకో వాక్యం కలిపి పంపాడు.

మాంట్రియల్ రివర్ దగ్గరి పెద్ద దిగుడులో నా పని అయిపోయింది. అడుగున బోల్టు తల మెరిసింది. సూ సెయింట్ మేరీలో అన్నయ్య నన్ను విప్పి కొత్త ముక్కని బిగించాడు. దానికింకా క్యూబెక్ ఉంది, ఓడెక్కి దిగాక న్యూఫౌండ్‌లాండ్ కొండలున్నాయి. వానలో ముందునుంచే నొక్కుతుంది, కంగారుపడకు అన్నాను. రోడ్డు పక్కన ఎవరు చెయ్యెత్తినా ఆగుతుంది, దానికీ సిద్ధంగా ఉండు అన్నాను.